చక్రం నేలను విడువరాదు

మన ప్రాంతపు లారీ షెడ్లలో ఎవరైనా 'కమాన్ కట్ట విరిగింది' అంటే అది తెలుగు మాటా, ఉర్దూ మాటా అని ఎవరూ ఆగి ఆలోచించరు. కమాన్ పారసీక పదం. విల్లు అని దాని అర్థం. ఉర్దూ మీదుగా తెలుగులోకి వచ్చి, బండి ఇరుసును పట్టి వంపు తిరిగి కూర్చునే ఉక్కు బద్దల కట్టకు పేరుగా స్థిరపడింది. ఆ పేరు పెట్టినవారెవరో కాని వస్తుతత్త్వం ఎరిగి పెట్టారు. విల్లు వంగినప్పుడు శక్తిని తనలో దాచుకొంటుంది; విడిచినప్పుడు తిరిగి ఇస్తుంది. బండి కింద కమాను చేసే పని కూడా అదే. ఆ దాచుకోవడాన్నీ, తిరిగి ఇవ్వడాన్నీ అదుపులో ఉంచే ఏర్పాటునే సస్పెన్షన్ అంటున్నాము.

భాష బోధించేవానికి ఇనుముతో ఏమి పని అని విద్యార్థులు అడుగవచ్చును. ఈనాటి యువకులలో చాలామందికి పాత జీపు ఒకటి సంపాదించి, దాని చక్రాలు జానెడు పైకి, జానెడు కిందికి ఆడేటట్లు స్వయంగా మార్చుకోవాలనే కోరిక ఉన్నది. అటువంటి అమరికను లాంగ్ ట్రావెల్ సస్పెన్షన్ అంటారు. ట్రావెల్ అనగా చక్రం పూర్తిగా కిందికి వ్రేలాడిన స్థానం నుండి పూర్తిగా పైకి నొక్కుకుపోయిన స్థానం వరకు గల దూరం. ఈ వ్యాసంలో దానిని 'కదలిక' అని పిలుచుకొందాము. కోరిక మంచిదే. అయితే ఆ పని వెల్డింగు రాడ్డుతో కాక పెన్సిలుతో ఆరంభం కావాలి. తెలిసినవారు చేస్తే అది విద్య అవుతుంది. చూసినంత మాత్రాన చేస్తే ప్రాణాంతకం అవుతుంది. కనుక దానిలోని న్యాయాన్ని తెలుగులో విడమరచి చెప్పడం భాష బోధించేవానికి కూడా తగిన పనియే.

మంగంపేట నేర్పే పాఠం

ఉమ్మడి కడప జిల్లా ఓబులవారిపల్లె మండలంలోని మంగంపేటలో బెరైటీస్ అనే ఖనిజం అపారంగా ఉన్నది. మనవాళ్ళు దానిని ముగ్గురాయి అంటారు. ఒకే చోట ఉన్న బెరైటీస్ నిక్షేపాలలో ఇది ప్రపంచంలోనే అతి పెద్దదిగా పేరుపొందినది. ఆంధ్రప్రదేశ్ ఖనిజాభివృద్ధి సంస్థ ఇక్కడి గనులను నిర్వహిస్తున్నది. చమురు బావులను తొలిచేటప్పుడు లోపలికి పంపే బురదను బరువెక్కించడానికి ఈ రాతిపొడిని వాడతారు. ఆ వాడుకకు కారణం దాని బరువే. లీటరు నీరు ఒక కిలో తూగితే, అంతే పరిమాణం గల ముగ్గురాయి నాలుగు కిలోలకు పైగా తూగుతుంది. మామూలు కంకర రాయి రెండు ముప్పావు కిలోల దగ్గర ఆగిపోతుంది.

దీని ఫలితమేమి? కంకరతో అంచు వరకు నిండే లారీ తొట్టిలో ముగ్గురాయి పోస్తే, మూడింట రెండు వంతులు నిండకముందే అంతే బరువు వచ్చి కూర్చుంటుంది. చూసేవారికి బండి ఇంకా కొంత ఖాళీగానే కనిపిస్తుంది. కమాను కట్టలు మాత్రం వంపు పోయి బల్లపరుపుగా నిలుస్తాయి. బరువును తొట్టి వైపు చూసి అంచనా కట్టరాదు, కమాను ఎన్ని అంగుళాలు దిగిందో చూసి కట్టాలి. సస్పెన్షన్ శాస్త్రమంతా ఈ 'ఎంత దిగింది' అనే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది.

గని బాటలే కాదు, మన సీమలో కఠినమైన దారులు ఇంకా ఎన్నో ఉన్నవి. నల్లరేగడి నేలలో వానకాలం పడిన చక్రపు గాడి వేసవికి రాయిలా గట్టిపడుతుంది. ఎండిన వంకలలో ఇసుకా గుండ్రాళ్ళూ కలిసి ఉంటాయి. 2021 నవంబర్ 19న రాజంపేట దగ్గర చెయ్యేరుపై అన్నమయ్య ప్రాజెక్టు మట్టికట్ట తెగినప్పుడు ఊళ్ళకు ఊళ్ళే నీటి పాలయ్యాయి. ఇళ్ళలోను, పొలాలలోను ఇసుక మేటలు వేసింది. రోడ్డు అనేది లేకుండా పోయిన అటువంటి దినాన మందులు, తాగునీరు చేరవేయగల బండి విలువ ఎంతటిదో చెప్పనక్కరలేదు. కనుక ఈ విద్యను కేవలం వినోదంగా భావించరాదు.

సస్పెన్షన్ అసలు పని

చాలామంది సస్పెన్షన్ పని కుదుపు తగ్గించడమే అనుకొంటారు. అది రెండవ పని. మొదటి పని చక్రాన్ని నేలకు అంటిపెట్టి ఉంచడం. నేలను తాకని చక్రం బండిని లాగలేదు, ఆపలేదు, మలుపు తిప్పలేదు. బిగుసుకుపోయిన సస్పెన్షన్ గల జీపు ఒక మూల రాయి ఎక్కితే, ఎదుటి మూలన చక్రం గాలిలోకి లేస్తుంది. ఇంజను శక్తి అంతా ఆ గాలిలోని చక్రాన్ని వృథాగా తిప్పుతుంది. మిగిలిన చక్రాలు కదలవు. అదే చక్రం మరొక జానెడు కిందికి దిగగలిగితే గుంతలోని నేలను అందుకొని బండిని ముందుకు నడిపిస్తుంది.

ఇక్కడ ఒక అపోహను తొలగించాలి. బండి ఎత్తు పెంచడం వేరు, కదలిక పెంచడం వేరు. చట్రానికీ ఇరుసుకూ నడుమ దిమ్మెలు పెట్టి జీపును ఆరు అంగుళాలు లేపవచ్చును. చక్రపు కదలిక ఒక్క అంగుళం కూడా పెరగదు. పైగా బండి బోల్తా పడే ప్రమాదం పెరుగుతుంది. చక్రాల మధ్య వెడల్పు 140 సెం.మీ., గరిమనాభి ఎత్తు 70 సెం.మీ. గల బండి లెక్క ప్రకారం 45 డిగ్రీల పక్కవాలు వరకు నిలుస్తుంది. గరిమనాభి 15 సెం.మీ. పైకి పోతే ఆ హద్దు 39 డిగ్రీలకు దిగుతుంది. మెత్తని స్ప్రింగులపై బండి ఒరిగే తీరును కూడా కలిపితే అది మరింత తగ్గుతుంది. అందుకే ఆరితేరిన నిర్మాతలు ఎత్తు పెంచడానికి ముందు వెడల్పు పెంచుతారు.

కదలిక పొడవుగా ఎందుకు ఉండాలి?

బండి అర మీటరు ఎత్తు గట్టు మీద నుండి కిందికి పడింది అనుకొందాము. ఆ పాటును 10 సెం.మీ. కదలికలో ఆపవలసి వస్తే, సస్పెన్షన్ మీద పడే సగటు బలం బండి బరువుకు ఆరు రెట్లు. అదే పాటును 25 సెం.మీ. కదలికలో ఆపితే మూడు రెట్లు మాత్రమే. లెక్క సులభం. పడిన ఎత్తును కదలికతో భాగించి ఒకటి కలపాలి. అతి పెద్ద బలం ఈ సగటు కంటె ఇంకా ఎక్కువ ఉంటుంది కాని, కదలిక పెరిగేకొద్దీ దెబ్బ తగ్గుతుందనే న్యాయం మారదు. క్రికెట్ ఆటగాడు బంతిని పట్టేటప్పుడు చేతులు వెనుకకు లాగుకోవడంలోని రహస్యం ఇదియే.

రెండవ కారణం స్ప్రింగు మెత్తదనానికి సంబంధించినది. స్ప్రింగుకు వేసిన భారమూ, అది దిగే దూరమూ ఒకే నిష్పత్తిలో పెరుగుతాయని రాబర్ట్ హుక్ 1678లో ప్రకటించాడు. దాని నుండి విద్యార్థులు నోటికి పెట్టుకొనదగిన ఒక సూత్రం వస్తుంది. బండి తన బరువుతో స్ప్రింగుపై ఎన్ని సెంటీమీటర్లు దిగిందో ఆ సంఖ్యకు వర్గమూలం తీసి, దానితో 5ను భాగిస్తే, ఆ బండి సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తెలుస్తుంది. 25 సెం.మీ. దిగితే సెకనుకు ఒక ఊపు. 6 సెం.మీ. దిగితే రెండు ఊపులు.

మానవ దేహానికి సెకనుకు ఒకటి, ఒకటిన్నర ఊపులు హాయిగా ఉంటాయి. నాలుగు నుండి ఎనిమిది ఊపులు పడితే కడుపులోని అవయవాలు, వెన్నెముక ఆ ఊపుతో కలిసి అదరుతాయి. మామూలు ట్రాక్టరుకు వెనుక ఇరుసు వద్ద స్ప్రింగు లేదు. టైరులోని గాలియే స్ప్రింగు. ఏళ్ళ తరబడి దున్నినవారికి నడుము నొప్పి వచ్చేది ఇందుకే. కనుక హాయి కావాలంటే మెత్తని స్ప్రింగు కావాలి. మెత్తని స్ప్రింగు తన బరువుకే జానెడు దిగుతుంది. ఆ తరువాత గుంతలకు చోటు మిగలాలంటే కదలిక పొడవుగా ఉండక తప్పదు.

సామాను బండికి ఇందులో ఒక చిక్కు ఉన్నది. ఖాళీ లారీ వెనుక కమాను 3 సెం.మీ. దిగి, నాలుగింతల భారం పడితే 12 సెం.మీ. దిగుతుంది అనుకొందాము. సూత్రం ప్రకారం నిండు బండి సెకనుకు ఇంచుమించు ఒకటిన్నర సార్లు ఊగితే, ఖాళీ బండి మూడు సార్లు ఊగుతుంది. రాయి దింపి తిరిగి వచ్చే లారీ ఎగిరెగిరి పడడానికి కారణం డ్రైవరు తొందర ఒక్కటే కాదు, కమాను లెక్క కూడాను.

ఇంటి కార్ఖానాలలో పుట్టిన విద్య

బండికి కమాను వేయడం పాత ఆలోచన. రెండు కమానులను ఎదురెదురుగా కూర్చి వేసే పద్ధతికి 1804లో ఇంగ్లండులో ఒబడయా ఇలియట్ పేటెంటు పొందాడు. మన పట్టణాలలో నిన్నమొన్నటి వరకు తిరిగిన జట్కా బండ్ల కింద కమానులు ఉండేవి. సరుకు మోసే ఎద్దుల బండికి అవి లేవు. మనదేశంలో జీపులను కూర్చే పనిని మహీంద్రా సంస్థ 1947లో ఆరంభించింది. దశాబ్దాల పాటు ఆ జీపులకు నాలుగు మూలలా కమాను కట్టలే ఆధారం. 2020లో వచ్చిన థార్ బండిలో వాటికి బదులు నాలుగు మూలలా చుట్ట స్ప్రింగులు వచ్చాయి.

ఫ్రాన్సులో 1948లో జనం ముందుకు వచ్చిన సిట్రోయెన్ 2సీవీ కారు రైతుల కోసం ఉద్దేశించినది. దున్నిన చేనిలో గుడ్ల బుట్టతో పోయినా గుడ్డు పగలరాదని నిర్మాతలు నియమం పెట్టుకొన్నట్లు చెబుతారు. చిన్న ఇంజను, తేలికైన ఒళ్ళు, పొడవైన కదలిక గల చక్రాలు దాని ప్రత్యేకత. రైతు బండి కూడా మెత్తగా నడవవచ్చునని అది లోకానికి చూపింది.

స్వయంగా నిర్మించుకొనేవారి కథలో ముఖ్యమైన పేరు బ్రూస్ మేయర్స్. ఈయన 1964లో కాలిఫోర్నియాలో ఫోక్స్‌వ్యాగన్ బీటిల్ యంత్రభాగాలను తీసుకొని, ఫైబర్ గ్లాసు ఒంటితో ఇసుక దిబ్బలలో తిరిగే చిన్న బండిని తయారు చేశాడు. 1967లో మెక్సికో దేశపు బాహా ద్వీపకల్పంలో వెయ్యి మైళ్ళ పేరుతో జరిగిన మొదటి ఎడారి పందెంలో ఆ రకపు బండియే 27 గంటల 38 నిమిషాలలో గమ్యం చేరి గెలిచింది. నేడు అటువంటి పందేలలో పరుగెత్తే పెద్ద బండ్ల చక్రాలు రెండడుగుల ప్రాంతంలో ఆడతాయి.

ఆ ద్వీపకల్పం పేరు మీదనే అమెరికాలో 1976లో ఇంజనీరింగు విద్యార్థులకు 'బాహా' పోటీ మొదలైనది. మనదేశంలో 2007 నుండి జరుగుతున్నది. తొలి వేదిక ఇండోరు దగ్గరి పీథంపూర్. గొట్టాల చట్రంతో ఒక్కరు కూర్చొనే బండిని విద్యార్థులే రూపొందించి, రాళ్ళు రప్పలపై నడిపి చూపాలి. తెలుగు నాట కళాశాలల జట్లు కూడా ఇందులో పాల్గొంటున్నవి. బండి నడపడమొక్కటే అక్కడ చాలదు. ప్రతి భాగాన్నీ ఎందుకు ఆ కొలతతో చేశారో పరీక్షకుల ముందు సమర్థించుకోవాలి. ఇంట్లో నిర్మించుకొనే ప్రతివాడూ తనకు తాను పెట్టుకోవలసిన పరీక్ష అది.

రెండు మార్గాలు

స్వయంగా చేసేవారికి ప్రధానంగా రెండు మార్గాలు ఉన్నవి. మొదటిది ఉన్న కమాను కట్టనే పొడవుగా, పలుచని బద్దలతో మార్చుకోవడం. కమాను బిరుసుదనం బద్దల సంఖ్యను బట్టి సూటిగా పెరుగుతుంది. బద్ద మందాన్ని బట్టి మాత్రం ఘనంగా, అనగా మూడవ ఘాతంగా పెరుగుతుంది. పొడవును బట్టి మూడవ ఘాతంగానే తగ్గుతుంది. పొడవు అయిదో వంతు పెంచితే బిరుసుదనం నూటికి 58 పాళ్ళకు దిగుతుంది. 8 మి.మీ. మందం గల మూడు బద్దలకు, 6 మి.మీ. మందం గల ఏడు బద్దలకు బిరుసుదనం దాదాపు సమానం. అయితే పలుచని బద్ద విరగకుండా మూడో వంతు ఎక్కువ వంగగలదు. కనుక కదలిక కావలసినవారు మందపు బద్దలు తీసి పలుచనివి ఎక్కువ వేసుకోవాలి. బద్దల మధ్య రాపిడి తగ్గడానికి గ్రీజు పెట్టాలి. కొస దగ్గర ఊగే షాకిలుకు తగినంత పొడవు ఉండాలి. లేకుంటే కమాను చదును కాగానే అది తిరగబడుతుంది.

పాత జీపులో కమాను ఇరుసు కింద ఉంటుంది. దానిని ఇరుసు పైకి మార్చి బండిని లేపే పద్ధతి ఒకటి వాడుకలో ఉన్నది. ఎత్తు సులభంగా వస్తుంది కాని, గేరు వేసి లాగినప్పుడు ఇరుసు వెనక్కు మెలిపడి కమాను పాములా వంకర తిరుగుతుంది. దానిని అరికట్టడానికి ఇరుసుకూ చట్రానికీ నడుమ వేరొక కడ్డీ అమర్చాలి.

రెండవ మార్గం ప్రతి చక్రాన్నీ విడిగా, పైన ఒకటి కింద ఒకటి చొప్పున రెండు త్రికోణాకార భుజాలతో చట్రానికి కట్టడం. చక్రం ఈ భుజాలపై తలుపులా పైకీ కిందికీ ఆడుతుంది. ఇందులో నిర్మాతలు తరచుగా మరచిపోయే లెక్క ఒకటి ఉన్నది. భుజం పొడవు 40 సెం.మీ. ఉండి, స్ప్రింగును సరిగా నడిమికి, అనగా 20 సెం.మీ. వద్ద కట్టారనుకొందాము. చక్రం 30 సెం.మీ. కదిలితే స్ప్రింగు 15 సెం.మీ. నొక్కుకొంటే చాలును. ఇది లాభంగా కనిపిస్తుంది. కాని చక్రం వద్ద తెలిసే బిరుసుదనం స్ప్రింగు బిరుసుదనంలో నాలుగో వంతే. స్ప్రింగును సగం దూరంలో కడితే నాలుగింతలు గట్టి స్ప్రింగు వేయాలి. అది పట్టి ఉన్న బోల్టుపై చక్రపు బలానికి రెట్టింపు బలం పడుతుంది. పగిలే చోటు సాధారణంగా ఆ బోల్టు చుట్టూ ఉన్న వెల్డే.

భుజం పొట్టిదైతే మరొక బాధ. 40 సెం.మీ. భుజం చివర చక్రం మధ్యస్థానం నుండి 15 సెం.మీ. పైకో కిందికో పోతే, అది వలయాకారంలో తిరుగుతుంది కనుక చక్రం దాదాపు 3 సెం.మీ. లోపలికి జరుగుతుంది. టైరు నేలపై పక్కకు ఈడ్చుకుపోతుంది. భుజాన్ని 60 సెం.మీ. చేస్తే ఆ ఈడ్పు రెండు సెంటీమీటర్లలోపు. పొడవైన కదలికకు పొడవైన భుజం, దానితోపాటు వెడల్పైన బండి తప్పవని దీనివలన తేలుతున్నది.

కదలికకు చెల్లించే మూల్యం

చక్రం ఒక్కటే కదలదు. దానితో ముడిపడిన ప్రతి భాగమూ అంత దూరం కదలవలసినదే. ఇంజను నుండి ఇరుసుకు పోయే షాఫ్టు కీలు వాలు 20 డిగ్రీలు ఉంటే, అవతలి కొస వేగం ప్రతి చుట్టులోను నూటికి ఆరు పాళ్ళు హెచ్చుతగ్గులు అవుతుంది. 30 డిగ్రీలకు అది నూటికి పదమూడు, పదిహేను పాళ్ళ వరకు పోతుంది. షాఫ్టు వణకడం, కీలు విరగడం ఇందువల్లనే. షాఫ్టు పొడవు కూడా మారుతుంది కనుక, జారే పళ్ళ భాగం ఊడిపడనంత పొడవుగా ఉండాలి.

స్టీరింగు కడ్డీ మరొక కీలకం. చక్రపు భుజం ఏ వలయంలో తిరుగుతుందో కడ్డీ కూడా ఆ వలయంలోనే తిరగాలి. లేకుంటే గుంత పడిన ప్రతిసారీ డ్రైవరు తిప్పకుండానే చక్రం తిరుగుతుంది. బ్రేకు గొట్టం పూర్తిగా కిందికి దిగిన స్థానంలో కూడా బిగుసుకోరాదు. ఆ గొట్టం తెగితే బ్రేకు లేదు. బ్రేకు లేని బండికి మెత్తదనం ఎంత ఉన్నా ఏమి లాభం?

షాక్ అబ్జార్బరు సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. స్ప్రింగు దాచుకొన్న శక్తిని తిరిగి ఇస్తుందని మొదటనే అనుకొన్నాము. ఆ తిరిగి వచ్చే శక్తిని నూనెలో రాపిడిగా, రాపిడిని వేడిగా మార్చి గాలిలోకి విడిచేది షాక్ అబ్జార్బరు. అది లేని బండి ఊగుతూనే ఉంటుంది. కదలిక పెరిగేకొద్దీ అది మింగవలసిన శక్తి పెరుగుతుంది. నూనె కాగి నురుగు పడితే పట్టు పోతుంది. అందుకే పందెపు బండ్లలో దానికి పక్కన నైట్రోజన్ వాయువు నింపిన మరో డబ్బా ఉంటుంది. చక్రం పూర్తిగా దిగినప్పుడు షాక్ అబ్జార్బరే బండికి గొలుసుగా పనిచేయరాదు. దానికన్నా ముందే బిగిసే గట్టి పట్టీ ఒకటి, పైకి పూర్తిగా నొక్కుకొనే ముందు తగిలే రబ్బరు దిమ్మె ఒకటి ప్రతి చక్రానికీ ఉండాలి.

మొత్తం కదలికలో పైకి ఎంత, కిందికి ఎంత అని కూడా ముందుగానే నిర్ణయించుకోవాలి. వేగంగా పోయే బండికి నిలిచి ఉన్న స్థానం నుండి మూడింట రెండు వంతులు పైకి, ఒక వంతు కిందికి ఉంచుతారు. రాళ్ళపై నెమ్మదిగా పాకే బండికి రెండూ సమానం చేస్తారు.

ఉక్కు, వెల్డు, చట్టం

ఇంటి నిర్మాతకు అతి పెద్ద శత్రువు తెలియని ఉక్కు. నీళ్ళ పైపును భుజంగా వాడరాదు. దాని గోడకు నిలువునా అతుకు ఉంటుంది. పైనున్న జస్తా పూత వెల్డింగు వేడికి కాలి విషపు పొగ వస్తుంది. అతుకు లేని, మందం తెలిసిన గొట్టాన్నే తీసుకోవాలి. కమాను బద్దను ఎన్నడూ వెల్డు చేయరాదు. ప్రత్యేకంగా కాచి, చల్లార్చి, పదును కుదిర్చిన ఉక్కు అది. వెల్డు వేడికి ఆ పదును చెడి, వెల్డు పక్కనే గాజులా పెళుసుబారి విరుగుతుంది. అణిగిన కమానును కొలిమిలో కాల్చి, సుత్తితో మళ్ళీ వంపు తెప్పించి ఊరక చల్లారనిచ్చినా ఆ వంపు ఎక్కువకాలం నిలవదు. పదును పెట్టే ప్రక్రియ మొత్తం తిరిగి జరగాలి.

వెల్డు ఒక్క దెబ్బకు విరగదు. వేలకొద్దీ చిన్న దెబ్బలకు అంచున వెంట్రుక వంటి పగులు పుట్టి, పెరిగి, ఒకనాడు హఠాత్తుగా విడిపోతుంది. దానిని ముందే పట్టే సులభమైన పాత ఉపాయం ఉన్నది. అతుకును శుభ్రం చేసి కిరోసిన్ పూసి, కొంతసేపటికి పొడిగుడ్డతో తుడిచి, సుద్దపొడి చల్లాలి. పగులు ఉంటే అందులో దాగిన కిరోసిన్ పైకి వచ్చి సుద్దపై తడి గీత కనిపిస్తుంది. ఇది చేసే చోట నిప్పు ఉండరాదు. బండి గుంతలలో తిరిగి వచ్చిన ప్రతిసారీ ఈ పరీక్ష చేయడం మేలు.

చట్టాన్ని కూడా తెలుసుకోవాలి. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం, రిజిస్ట్రేషను పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేటట్లు బండిని యజమాని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నియమాన్ని గట్టిగా సమర్థించింది. కనుక ఇటువంటి బండి పోటీ మైదానానికో, సొంత భూమికో పరిమితం కావాలి. ప్రజలు నడిచే రోడ్డు మన ప్రయోగశాల కాదు.

కళాశాల చేయదగినది

మన పట్టణాలలోని మరమ్మతు షెడ్లలో చేతి నైపుణ్యానికి కొదవ లేదు. బడి మానిన వయసులోనే పానా పట్టిన కుర్రవాడు ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు. అతనికి లేనిది పైన చెప్పిన నాలుగు లెక్కలు. మన కళాశాల విద్యార్థికి లెక్కలు వచ్చును. కమాను బద్దను చేతితో తాకినవారు మాత్రం అరుదు. ఈ ఇద్దరూ ఒక బల్ల వద్ద కలిసేటట్లు చేయడానికి పెద్ద ఖర్చు అక్కరలేదు. కళాశాల సంఘం పెద్దలు ఈ విషయాన్ని ఆలోచించగోరుతున్నాను.

భౌతికశాస్త్ర విభాగంలో కదలని బలమైన చట్రం ఒకటి, నిలువు స్కేలు ఒకటి, షెడ్లలో తీసివేసిన పాత స్ప్రింగులు రెండు మూడు ఉంటే చాలును. తూకపు రాళ్ళకు బదులు ముగ్గురాయిని సక్రమంగా కొని, తూచి, ఒక్కొక్క రాయిపై దాని బరువు రంగుతో వ్రాసి వాడవచ్చును. కొద్ది చోటులో ఎక్కువ బరువు ఇమడడం ఇక్కడ కలిసివచ్చే గుణం. స్ప్రింగుపై 100 కిలోలు పేర్చితే 2 సెం.మీ. దిగింది అనుకొందాము. దాని బిరుసుదనం సెంటీమీటరుకు 50 కిలోలు. ఒక చక్రంపై 300 కిలోల భారం పడే బండికి దానిని నేరుగా వేస్తే 6 సెం.మీ. దిగుతుంది. సెకనుకు రెండు ఊపులు. గుంతల బాటకు ఇది బిరుసు అని బండి కట్టకముందే తెలిసిపోతుంది. రాళ్ళు పేర్చేటప్పుడు స్ప్రింగు పక్కకు ఎగరకుండా చుట్టూ కంచె ఉండాలి. దగ్గర అధ్యాపకుడు నిలబడాలి.

విద్యార్థులారా! జీపు మార్చాలని ఉత్సాహపడేవారు ముందుగా ఒక కాగితంపై ఈ వరుసలు గీసుకొనండి: ఒక్కొక్క చక్రంపై భారం, స్ప్రింగు దిగే దూరం, ఊపుల సంఖ్య, పైకి కదలిక, కిందికి కదలిక, భుజం పొడవు, స్ప్రింగు కట్టే చోటు, షాఫ్టు వాలు, బ్రేకు గొట్టం పొడవు, గరిమనాభి ఎత్తు. ఆ పట్టికలో ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా నింపి, అనుభవం గల మెకానిక్‌కు, మీ అధ్యాపకునికి చూపండి. వారిద్దరూ సరే అన్న తరువాతనే మొదటి వెల్డు పడాలి.